దూబగుంట ఎంత దూరం?

ఉదయగిరి అనగానే చరిత్ర చదువుకున్నవారికి మొదట గుర్తొచ్చేది కొండ. ఇంచుమించు మూడువేల అడుగుల ఎత్తున్న ఆ కొండమీది దుర్గాన్ని గజపతుల చేతినుంచి గెలుచుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి కింద మకాం వెయ్యవలసి వచ్చింది. 1514లో కోట వశమైంది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని ఆయన విజయనగరానికి తీసుకువెళ్ళి, మరుసటి ఏడు దానికోసం ఒక ఆలయమే కట్టించాడు. హంపీ చూసినవారు ఆ కృష్ణాలయాన్ని చూసే ఉంటారు. విగ్రహం మాత్రం దెబ్బతిన్న స్థితిలో చెన్నపట్నం మ్యూజియానికి చేరింది. ఇవన్నీ రాళ్ళమీదా పుస్తకాల్లోనూ ఉన్నాయి. మా వైపు వచ్చే మిత్రులు అడిగేవీ ఇవే. కొండెక్కి, బురుజుల పక్కన ఫోటోలు దిగి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతారు.

అంత సైన్యం అన్ని నెలలు కొండకింద దిగి ఉంటే చుట్టుపక్కల చెరువుల్లో నీళ్ళు ఏమయ్యాయో, ఇళ్ళలో జొన్నగింజలు ఏమయ్యాయో, పల్లెల్లోని ఆడవాళ్ళు ఆ ఏడు పిల్లలకేం పెట్టారో ఏ శాసనమూ చెప్పదు. చెప్పాలన్న నియమమూ లేదు, శాసనం పని అది కాదు. కాని ఆ కొండనీడన పుట్టి పెరిగినవాణ్ణి గనుక ఆ లోటు నన్ను అప్పుడప్పుడూ బాధిస్తూంటుంది. ఈ టపాలో రాయబోయేది అదే ప్రాంతంలో 1992లో జరిగిన మరో ముట్టడి సంగతి. అది కోటమీద కాదు, సారా కొట్టుమీద. అందులో నాకూ కొంచెం భాగం ఉంది. అది గర్వంగా చెప్పుకోదగ్గదో కాదో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

ముందు మా నేల గురించి నాలుగు మాటలు. నెల్లూరంటే చాలామందికి వరిచేలూ, మొలగొలుకులూ, పెన్న కాలవలూను. ఆ నెల్లూరు ఆత్మకూరుతో సరి. ఆత్మకూరు దాటి బస్సు ఉదయగిరి వైపు మళ్ళిందంటే పచ్చదనం పలచబడుతుంది. ఎర్రనేల, తుమ్మచెట్లు, రాతిగుట్టలు, ఎండిన చెరువులు. పడమట అడ్డంగా వెలిగొండలు, వాటికవతల కడప జిల్లా. దీన్నే మెట్ట అంటాం. వానొస్తే జొన్న, సజ్జ, కంది. కలిగిరి, డీసీపల్లి వైపు పొగాకు. వాన రాకపోతే కూలికి పోవడమే. ఆడవాళ్ళు పొగాకు బేర్నుల దగ్గరికీ, ఇద్దరూ కలిసి కాలవల కింద నాట్లకూ కోతలకూ పోయేవారు. ఏ పనికి వెళ్ళినా మగవాడి కూలిడబ్బు ఇల్లు చేరే దారిలో ఒక కొట్టు అడ్డం వచ్చేది.

ఆ కొట్టు ఎప్పుడూ ఉన్నది కాదని ఇప్పటి పిల్లలకు చెబితే ఆశ్చర్యపోతారు. నెల్లూరు జిల్లా పాత మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1948 నాటికి, మద్యనిషేధం రాష్ట్రమంతటా అమలైంది. ఆంధ్రరాష్ట్రం విడిపోయి వచ్చేటప్పుడు ఆ నిషేధాన్ని కూడా వెంట తెచ్చుకుంది. దాన్ని ఉంచాలా తీసేయాలా అన్న తగువులోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మన రాజకీయ చరిత్రలో ఇంత ముఖ్యమైన సంగతిని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో దాటవేస్తాయెందుకో తెలియదు. చివరికి 1969లో ఆంధ్రప్రాంతంలో నిషేధం ఎత్తివేశారు. తరవాత లెక్క తేలికే. 1970-71లో రాష్ట్రానికి మద్యం మీద వచ్చిన ఆదాయం 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 812 కోట్లు. ఇరవయ్యేళ్ళలో ఇరవై రెట్లు. ధరలు పెరిగిన మాట నిజమే, కాని కూలి ఇరవై రెట్లు పెరగలేదు.

ఈ పెరుగుదలకు ముఖ్యకారణం ప్యాకెట్లు. 1980లలో ప్రభుత్వ సారా పాలిథిన్ ప్యాకెట్లలోకి మారింది. అంతకుముందు తాగదలచినవాడు కొట్టుదాకా నడవాలి, అక్కడ నిలబడి తాగాలి, నలుగురి కంటా పడాలి. ప్యాకెట్టు వచ్చాక సారాయే ఇంటికి నడిచి వచ్చింది. జేబులో పడుతుంది, రొంటిన దోపుకోవచ్చు, చేనుగట్టుకు పంపవచ్చు, అరువివ్వవచ్చు. ఏటా సెప్టెంబరులో వేలం జరిగేది. పాట పాడుకున్న కాంట్రాక్టరు ఆ సొమ్ము రాబట్టుకోవాలి గనుక పల్లెపల్లెకూ మనుషుల్ని పెట్టి అమ్మించేవాడు. 1983లో ప్రభుత్వం పేదవాడికి కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. బియ్యంలో మిగిలిన డబ్బు ప్యాకెట్టుకు సరిపోయేది. ఈ మాట నాది కాదు, మా ఊరి ఆడవాళ్ళది.

ఇక రెండో దారం. 1990ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ అక్షరాస్యతా సంవత్సరంగా ప్రకటించింది. ఆ మార్చిలో థాయిలాండులోని జోమ్‌టియెన్ అనే ఊళ్ళో ప్రపంచదేశాలన్నీ సమావేశమై అందరికీ విద్య అని తీర్మానించాయి. మన దేశంలో 1988 మేలోనే జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన మొదటి జిల్లా అయింది. ఆ పద్ధతినే ఇతర జిల్లాలకు విస్తరించినప్పుడు 1991 జనవరిలో నెల్లూరు వంతు వచ్చింది. ఆ ఏటి జనాభా లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో చదవను రాయను వచ్చిన స్త్రీలు నూటికి ముప్పైముగ్గురు లోపే. మా ఊళ్ళో, కూలిజనంలో, వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

జోమ్‌టియెన్‌లో తీర్మానించింది మా ఊరికి చేరేసరికి దాని రూపం ఇది: ఒక లాంతరు, కొన్ని పలకలు, ఒక వాచకం, జీతం లేని వాలంటీరు. మా ఊరికి ఆ వాలంటీరుని నేను. పదిహేడేళ్ళవాణ్ణి, ఇంటరు తప్పి ఇంట్లో ఉన్నాను, చేసే పనేమీ లేదు. ఊళ్ళోకి కళాజాతా వచ్చి పాటలు పాడి వెళ్ళిన మర్నాడు మండలాఫీసునుంచి వచ్చినాయన నా పేరు రాసుకుపోయాడు. సేవాభావం అని చెప్పుకోను. ఖాళీగా ఉన్నానని ఇంట్లో అనే మాటలు తప్పించుకోవడానికి ఒప్పుకున్నాను.

రాత్రి ఎనిమిదింటికి రామాలయం అరుగుమీద తరగతి. కూలినుంచి వచ్చి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చేవారు. అందరూ నాకు వరసైనవాళ్ళే, పెద్దమ్మో అత్తో అక్కో. పొగాకు జిగురంటిన వేళ్ళు పలకమీద నల్లటి మరకలు వేసేవి. మొదటి నెలలో రాయించినది పేర్లు. పేరు రాయడం వచ్చిన రోజున ఒక అత్త పలక చెరపకుండా అలాగే ఇంటికి పట్టుకుపోయింది, మర్నాడు చెరిపి తెచ్చింది. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా గురించే. అది చదివినప్పుడు వాళ్ళు పెద్దగా చలించారని చెప్పలేను. కథ కదా అనుకున్నారు. సీతమ్మ ఎవరో, ఏ ఊరో.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. మా నాయన సారా కొట్టులో లెక్కలు రాసేవాడు. కొట్టు మాది కాదు. కాంట్రాక్టరు ఆత్మకూరులో ఉండేవాడు, ఆయన పేరు ఇక్కడ అనవసరం. మా నాయన తాగేవాడు కాదు. ఎస్సెస్సెల్సీ దాకా చదివాడు, దస్తూరీ అచ్చుపోసినట్టుండేది, పొలం లేదు. రోజూ ఎన్ని ప్యాకెట్లు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎవరి దగ్గర ఎంత బాకీ అన్నది రాయడం, వారానికోసారి ఆత్మకూరు వెళ్ళి డబ్బు జమకట్టి రావడం ఆయన ఉద్యోగం. మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ జీతంతోనే. నేను ఇంటరు తప్పడానికి కట్టిన ఫీజు కూడా అందులోదే. రాత్రిపూట నేను లాంతరు కింద అక్షరాలు దిద్దిస్తున్న వేళకి అటు మా నాయన మరో లాంతరు కింద పద్దులు రాసుకుంటూండేవాడు. రెండు లాంతర్లకీ మధ్య ఒక వీధి. ఇందులో వింతేమీ ఉన్నట్టు ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

1992లో తరగతులు రెండో మెట్టుకు వచ్చాయి. వాటిని జనచేతన కేంద్రాలన్నారు, కొత్త పుస్తకం ఇచ్చారు. అందులో ఆడవాళ్ళు ఏకమైతే అనే పాఠం ఉంది. అది దూబగుంట ఆడవాళ్ళ సొంత అనుభవం, వాళ్ళే చెప్పుకున్నట్టుగా, మేము అన్న మాటతో నడుస్తుంది. మేము కూలికి పోతాము, మా మగవాళ్ళు సంపాదన తాగేస్తారు, ఇలా మొదలై, ఒకరోజు వందమంది దాకా ఊరి బయటికి వెళ్ళి కల్లు తెచ్చేవాణ్ణి ఆపడం, నీకు నష్టమైతే తలా ఒక రూపాయి వేసుకుని ఇస్తాము గాని ఊళ్ళోకి తేవద్దనడం, తరవాత సారా ప్యాకెట్ల జీపు వస్తే కలెక్టరుతో చెబుతామని వెనక్కి పంపడం, కొట్టు మూతపడడం, ఇదంతా చదువు వల్లే అయిందని వాళ్ళు అనుకోవడం, స్థూలంగా ఇదీ పాఠం. భాషలో అలంకారమేమీ లేదు.

ఆ పాఠం మూడు రాత్రులు పట్టింది. కలెక్టరు అనే మాట దగ్గర అందరూ ఆగిపోయారు, అందులోని టావత్తు ఎవరికీ మింగుడుపడలేదు. మూడో రాత్రి పాఠం పూర్తయ్యాక కాసేపెవరూ మాట్లాడలేదు. తరవాత ఒక పెద్దమ్మ అడిగింది.

"అబ్బయా, దూబగుంట ఎంత దూరం?"

"కలిగిరి దగ్గర పెద్దమ్మా. బస్సెక్కితే గంటన్నర."

"ఆ ఊరు నాకు తెల్సు. మా చిన్నాడబిడ్డ తోడికోడలిది ఆ పక్కనే. అయితే ఇది నిజంగా జరిగిందే!"

ఈ ప్రశ్నను నేను తరవాత చాలాసార్లు తలచుకున్నాను. సారావ్యతిరేకోద్యమం గురించి వ్యాసాలు చాలా వచ్చాయి. 1992లోనే కంచ ఐలయ్య గారు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు, తరవాత ఎందరో. అక్షరాస్యత వల్ల చైతన్యం, చైతన్యం వల్ల ఉద్యమం అని చాలా చోట్ల ఉంటుంది. బ్రెజిల్ దేశపు విద్యావేత్త పాలో ఫ్రేరే పేరు కూడా వస్తుంది. పీడితులకు అక్షరం నేర్పడమంటే తమ బతుకును తాము చదువుకోవడం నేర్పడమే అన్నది ఆయన సిద్ధాంత సారం. కాదనను. అయితే అరుగుమీద నేను చూసింది ఇంకొంచెం చిన్న విషయం. సీతమ్మ కథ చెయ్యలేని పని దూబగుంట పాఠం చేసింది. కారణం, ఆ ఊరికి బస్సుంది. పుస్తకంలో అచ్చయిన మనుషులకు తమకూ చుట్టరికం ఉంది. అప్పటిదాకా పుస్తకమంటే ఎక్కడివాళ్ళో ఎవరికోసమో రాసేది. ఇప్పుడు అందులో తమవంటి కూలిమనిషి, తమ జిల్లా మనిషి, తమ మాటల్లో మాట్లాడింది.

ఆ తరవాత జరిగింది నేను ఊహించనిది. నాలుగు రోజులకు అదే పెద్దమ్మ తరగతి అయ్యాక నన్ను ఆపి, "మీ నాయన రాసే పుస్తకం ఒకపాలి తీసుకురా అబ్బయా, చదువుకుంటాం," అంది. పక్కన మరో పదిమంది నిలబడి ఉన్నారు. నాకర్థమైంది. అరువు పుస్తకం. తమ మగవాళ్ళ పేర ఎంతుందో వాళ్ళకెవరికీ తెలియదు. కూలిలో కోసుకున్నది ఎంతో, ఇంకా ఎంత ఉందో కొట్టువాళ్ళు చెప్పిందే లెక్క. ఆ పెద్దమ్మ భర్త పోయి అప్పటికి ఏడాది. ఆయన బాకీ తన కొడుకు తీరుస్తున్నాడని ఆమెకు అనుమానం.

తెస్తానని అనలేదు, తేనని అనలేదు. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మా అమ్మతో చెప్పాను. ఆమె పొయ్యి ఊదుతూ, "వాళ్ళకు చదువు చెప్పింది నువ్వేగా," అని మాత్రం అంది. ఆ మాటకు అర్థం తెమ్మనో వద్దనో ఈనాటికీ నాకు తెలియదు. నాయన ఆత్మకూరు వెళ్ళిన రోజున, కొట్టులోని పెట్టె తాళంచెవి ఎక్కడ పెడతాడో తెలుసు గనుక, పుస్తకం తీసుకుని రామాలయానికి వెళ్ళాను.

అట్టకు గళ్ళగుడ్డ అంటించిన పొడుగు పుస్తకం అది. లాంతరు ఒత్తి పెంచారు. ఎవరి పేజీ వారు వెతుక్కున్నారు. నేనేమీ చదివి పెట్టలేదు, వాళ్ళు చదవనివ్వలేదు కూడా. ఇంటిపేరు, పేరు, తేదీ, ప్యాకెట్ల సంఖ్య, రూపాయలు, పైసలు. మా నాయన దస్తూరీ గుండ్రంగా ఉండేది కాబట్టి వాచకంకన్న తేలికగా చదివారు. గుండెలు బాదుకుని ఏడుస్తారేమోనని భయపడ్డాను. ఎవరూ ఏడవలేదు. కూడికలు వేసుకున్నారు. పండగపూట తన పుట్టింటివాళ్ళు ఇచ్చిన డబ్బు ఏ తేదీన ఎక్కడికి పోయిందో ఒకావిడ పట్టుకుంది. మా పెద్దమ్మ తన భర్త పేజీ తీసింది. చనిపోయిన తేదీ తరవాత కూడా గీత కింద బాకీ మొత్తం అలాగే ఉంది, పక్కన కొడుకు పేరు. వేలు ఆ అంకె కింద పెట్టి చాలాసేపు ఉంచింది.

మర్నాడు పొద్దున కూలికి ఎవరూ పోలేదు. నలభైమంది దాకా కొట్టు ముందుకు వెళ్ళారు. కాపలా ఉన్న కుర్రవాడు పారిపోయాడు. ప్యాకెట్లు బయటికి తెచ్చి కొడవళ్ళతో కోసి మట్టిలో పారబోశారు. వీధంతా ఆ వాసన వారం రోజులు పోలేదు. ఖాళీ ప్యాకెట్లను కుప్పపోసి నిప్పుపెట్టి, ఆ నిప్పులో అరువు పుస్తకం వేశారు. వెయ్యవద్దని నేను అన్నాను. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

సాయంత్రం బస్సుకి నాయన వచ్చాడు. సంగతంతా దారిలోనే తెలిసింది. కాళ్ళు కడుక్కుని మంచంమీద కూచుని, నన్ను పిలిచి ఒక్కటే అడిగాడు.

"చదివినోళ్ళు లెక్క తప్పుందని యెవరైనా అన్నారా?"

"లేదు నాయనా."

"సరే, పో," అన్నాడు. అంతకుమించి ఆ విషయం ఆయన ఎన్నడూ నాతో ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది. పోయిన సరుకుకి ఆయన్నే బాధ్యుణ్ణి చేశారు. మా అమ్మ కమ్మలు అమ్మి కట్టాం.

ఇటువంటివి ఆ ఏడు మా ఒక్క ఊళ్ళోనే జరగలేదు. కొట్టు మూయించడం ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలోంచి జిల్లా అంతటికీ పాకింది. 1992 సెప్టెంబరులో జిల్లా సారా వేలాన్ని స్త్రీలు జరగనివ్వలేదు. వాయిదా మీద వాయిదా పడింది. పత్రికలు, ముఖ్యంగా ఈనాడు, రోజూ ఈ వార్తలకే చోటు కేటాయించాయి. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారిది నెల్లూరు జిల్లాయే. అక్టోబరులో ఆయన స్థానంలో కోట్ల విజయభాస్కరరెడ్డి గారు వచ్చారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు గారు ప్రమాణస్వీకారం నాడే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. అది 1995 జనవరి 16 నుంచి అమలైంది.

అన్నీ మెచ్చుకోదగ్గవే జరిగాయని చెప్పను. కొన్ని ఊళ్ళలో తాగినవాళ్ళకు గుండు గీయించి ఊరేగించారు, కళ్ళలో కారం కొట్టారు. ఆ మగవాళ్ళూ కూలివాళ్ళే. పాట పాడుకున్నవాడు, ఆ పాటమీద కోట్లు రాబట్టుకున్న ప్రభుత్వం గుండు గీయించుకోలేదు. ఇదే ప్రశ్న దూరదేశంలో ముందే వచ్చింది. 1873 డిసెంబరులో అమెరికాలో ఒహయో రాష్ట్రపు హిల్స్‌బరో అనే చిన్న ఊళ్ళో స్త్రీలు గుంపుగా సారాదుకాణాల ముందు మోకరిల్లి ప్రార్థనలు చేసి మూయించడం మొదలుపెట్టారు. కొద్ది నెలల్లో అది వందల ఊళ్ళకు పాకింది. వాళ్ళు చర్చికి వెళ్ళే మర్యాదస్తుల ఇళ్ళ ఇల్లాళ్ళు. ప్రార్థన వాళ్ళ ఆయుధం. మావాళ్ళ చేతిలో చీపుళ్ళూ కొడవళ్ళూ, ఒక వాచకం. అమెరికా నిషేధం 1920లో వచ్చి పదమూడేళ్ళు నిలిచింది. మనది రెండేళ్ళు కొంచెం పైన. 1997లో ఖజానా పేరు చెప్పి సడలించారు. ప్రభుత్వ సారా ప్యాకెట్లు మాత్రం మళ్ళీ రాలేదు, వాటి స్థానంలో సీసాలు వచ్చాయి.

దూబగుంట పేరు చెబితే వర్ధినేని రోశమ్మ గారి పేరు వస్తుంది. అది న్యాయమే. ఆమె ముందు నిలబడ్డారు, చివరిదాకా ఆ మాటమీదే ఉన్నారు, 2016లో కన్నుమూశారు. అయితే ఆ పాఠంలో ఉన్నది మేము అన్న మాట. చరిత్ర రాసేవాళ్ళకు ఒక పేరు కావాలి, ఒక ఫోటో కావాలి. వందమంది పేర్లు రాస్తే ఎవరు చదువుతారు? ఇప్పుడు ఈ టపాలో నేను కూడా ఒక్క పెద్దమ్మ గురించే రాస్తున్నాను, గమనించే ఉంటారు.

మా ఊళ్ళో తరగతి 1993 తరవాత సాగలేదు. నేను నెల్లూరు వెళ్ళిపోయాను. చాలామంది అక్షరాలు మరచిపోయారు, సంతకం మిగిలింది. అంకెలు మాత్రం ఎవరూ మరచిపోలేదు. అందుకు కారణం పొదుపు. సారా పోయాక జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. దూబగుంట పాఠంలో కల్లువాడికి ఇస్తామన్నదీ తలా ఒక రూపాయే. ఆ లెక్క ఎవరైనా చూసి పెట్టారో, అలా కలిసొచ్చిందో. మా ఊరి సంఘానికి లెక్కలు రాసి పెట్టమని ఆడవాళ్ళు మా నాయననే అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. ఆత్మకూరులో ఒక వడ్లమిల్లులో గుమాస్తాగా చేరి, పొద్దున బస్సుకి పోయి రాత్రి బస్సుకి వచ్చేవాడు, పదకొండేళ్ళు. సంఘం లెక్కలు మా అమ్మ రాసింది. అదే అరుగుమీద, మిగతావాళ్ళతోపాటే, చివరి వరసలో కూచుని నేర్చుకుంది. ఈ మాట ఇంతదాకా రాయలేదు కదూ. ఆమె కూడా నా విద్యార్థినే.

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు ఈ వ్యాసం రాయాలన్న ఆలోచనతో ఒకరిద్దరిని కలిశాను. కాగితం ముక్క కోసం వెతికాను. పాత వాచకం ఎవరి దగ్గరా లేదు. రామాలయం కొత్తగా కట్టారు, అరుగు లేదు. అప్పట్లో ఊళ్ళో ఎవరెంత తాగేవారు, ఏ ఇంటిమీద ఎంత బాకీ ఉండేది అని చెప్పగల ఒకే ఒక పత్రం మా నాయన చేతిరాతలో ఉండేది. అది బూడిదైంది. కాల్చడం వాళ్ళ హక్కు, అది ఉన్నంతకాలం బాకీ ఉన్నట్టే. చరిత్రమీద ఆసక్తి ఉన్నవాడిగా నాకు మాత్రం ఆ పుస్తకం కావాలి. ఆ మాటే పెద్దమ్మతో అన్నాను. ఎనభై దాటాయి, చూపు ఆనడం లేదు, వినికిడి బాగానే ఉంది.

"ఎందుకబ్బయా అది నీకు?"

"ఎవరి పేర ఎంతుండిందో రాసుకుందామని పెద్దమ్మా."

"మీ పెదనాయన పేర నూట ఎనభై ఆరు రూపాయల నలభై పైసలు. రాసుకో," అంది.